మంచు పడని ఊళ్లో మసకబారే అద్దం

సింగపూర్‌లో ఏ కారెక్కినా డ్రైవరు ముందున్న మీటల్లో ఒకటి అక్కడ దేనికా అనిపిస్తుంది. దాని మీద ఒక దీర్ఘచతురస్రం, అందులోంచి పైకి లేస్తున్న మూడు వంకర బాణాలు ఉంటాయి. వెనక అద్దాన్ని వేడి చేసే మీట అది. వెనక్కి తిరిగి చూస్తే అద్దం మీద అడ్డంగా గీసిన సన్నని గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. మీట నొక్కితే ఆ గీతల్లో కరెంటు పారి అద్దం వేడెక్కుతుంది, దాని మీద పేరుకున్న మంచు కరిగి జారిపోతుంది. మరి ఇది భూమధ్యరేఖకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి. అక్కడ నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 19 డిగ్రీలు. అది కూడా 1989 ఫిబ్రవరి 14న పయా లేబార్‌లో. ఆ రోజు స్వెట్టర్ వెతుక్కున్నవాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, నీళ్లు గడ్డకట్టాలంటే ఇంకో 19 డిగ్రీలు దిగాలి.

ఆ మీట అక్కడికి రావడానికి కారణం మామూలుదే. జపాన్‌లోనో జర్మనీలోనో ఒకే అచ్చున తయారయ్యే కార్లకు దేశానికో రకం వెనక అద్దం బిగించడం కన్నా అందరికీ ఒకటే బిగించడం ఫ్యాక్టరీకి తేలిక. కారు కొనుక్కునే హక్కుపత్రానికే, అంటే సీఓఈకి, 2023లో లక్ష సింగపూర్ డాలర్లకు పైగా పాడుకున్న ఊళ్లో, నాలుగు తీగల ఖర్చు గురించి ఎవరు ఆలోచిస్తారు!

అలాగని ఆ ఊళ్లో పొద్దున్నే అద్దం తుడుచుకునే బాధ లేదనుకోవద్దు. అక్కడ పొద్దు పొడిచేది ఏడు గంటల ప్రాంతంలో. దానికి ముందు పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కాసేపు గమనిస్తే తెలుస్తుంది. చినుకు ఉండదు, రోడ్డు పొడిగా ఉంటుంది, అయినా కొన్ని కార్ల వైపర్లు రెండు మూడు సార్లు ఆడి ఆగుతుంటాయి. కాసేపటికి మళ్లీ ఆడతాయి. రెండంతస్తుల బస్సు పైఅంతస్తులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు లోపలివైపు అద్దాన్ని చేత్తో ఎంత తుడిచినా బయటి ఊరు కనపడదు. మసక అవతలివైపు ఉంది. నీరు కట్టింది లోపల కాదు, వెచ్చని గాలి తగిలే బయటివైపున.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆ మసక గురించే. కెనడాలో తెల్లవారుజామున కారు అద్దం మీద గీకే మంచు, సింగపూర్‌లో వైపర్ తుడిచే తడి ఒకే లెక్కకు పుట్టిన పిల్లలు. ఆ లెక్క తెలిసినవాడికి అద్దాన్ని ఎక్కడ వేడి చేయాలో, ఎక్కడ చల్లబరచకుండా ఉండాలో తెలుస్తుంది. తెలియనివాడు తప్పు మీట నొక్కుతాడు. సింగపూర్‌లో చాలామంది నొక్కేది ఆ తప్పు మీటే.

గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. ఎంత ఉండగలదన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలిలో గరిష్ఠంగా 23 గ్రాముల ఆవిరి ఉండగలదు. సున్నా డిగ్రీల దగ్గర ఐదు గ్రాములైనా ఉండలేదు. మైనస్ 10కి దిగితే రెండు గ్రాముల చిల్లర. ఉన్న ఆవిరి అంతే ఉండి గాలి చల్లబడుతూ పోతే, ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆ ఉన్నదే గరిష్ఠం అయిపోతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం చల్లబడితే మిగులు ఆవిరి నీరుగా మారాల్సిందే. ఆ ఉష్ణోగ్రత పేరు తుషార బిందువు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లసీసాకు చెమట పట్టడం మనందరికీ తెలిసిన సంగతే. సీసా ఉష్ణోగ్రత మన వంటగది గాలి తుషార బిందువు కన్నా కింద ఉండబట్టే ఆ చెమట.

సింగపూర్‌లో తెల్లవారుజామున గాలి 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, సాపేక్ష ఆర్ద్రత 90 శాతం దాటుతుంది. 95 శాతం అనుకుంటే ఘనమీటరుకు 22 గ్రాముల దాకా ఆవిరి ఉంటుంది, తుషార బిందువు 24 డిగ్రీలు. అంటే గాలికీ తుషార బిందువుకూ మధ్య ఉన్న ఎడం ఒక్క డిగ్రీ. ఏ వస్తువైనా చుట్టూ ఉన్న గాలి కన్నా ఒకటిన్నర డిగ్రీ చల్లబడితే చాలు, తడిసిపోతుంది. ఇదీ ఆ ఊరి ప్రత్యేకత. నీళ్లు గడ్డకట్టే చలి లేదు గానీ, నీళ్లు దిగడానికి కాచుకుని కూర్చున్న గాలి ఉంది.

ఇప్పుడు కారులో ఏసీ వేయండి. డాష్‌బోర్డు మీది రంధ్రాల్లోంచి పది డిగ్రీల చల్లగాలి ముందు అద్దం అడుగుభాగాన్ని తాకుతుంది. ముందు అద్దం మందం ఐదు మిల్లీమీటర్ల ప్రాంతం. లోపల పట్టిన చలి దాన్ని దాటి బయటికి రావడానికి ఎంతోసేపు పట్టదు. రెండు మూడు నిమిషాల్లో బయటి తలం 22 డిగ్రీలకు దిగుతుంది. బయటి గాలి తుషార బిందువు 24. ఇంక చెప్పేదేముంది. మసక మొదట అద్దం అడుగున, చల్లగాలి తగిలిన మేర, విసనకర్ర ఆకారంలో కనిపిస్తుంది. ఆ ఆకారమే అసలు నేరస్థుణ్ని పట్టిస్తుంది.

డ్రైవరు దాన్ని చూసి ఏం చేస్తాడు? మసక పట్టింది కాబట్టి మసక వదిలించే మీట నొక్కుతాడు. ఆ మీట గాలినంతా అద్దం మీదికి మళ్లిస్తుంది, చాలా కార్లలో ఏసీని కూడా దానంతట అదే వేస్తుంది. ఉష్ణోగ్రత మీట అప్పటికే అట్టడుగున ఉంది. చల్లగాలి ఇంకా ఉధృతంగా తగులుతుంది, అద్దం ఇంకా చల్లబడుతుంది, బయట తడి ఇంకా చిక్కబడుతుంది. వైపర్ తుడిచిన మరుక్షణం మళ్లీ కమ్ముకుంటుంది. చేయవలసింది దానికి పూర్తిగా ఎదురు. గాలి అద్దం మీదికి పోకుండా మొహం వైపో కాళ్ల వైపో మళ్లించాలి, ఉష్ణోగ్రతను 25కో 26కో పెంచాలి. మంచు దేశంవాడి మందే ఇక్కడా మందు: అద్దాన్ని వెచ్చబరచడం. మోతాదులో తేడా, అంతే. అక్కడ వెయ్యి వాట్ల కరెంటు కావాలి, ఇక్కడ చల్లబరచడం మానుకుంటే సరిపోతుంది.

అయితే ఆ మీట తయారుచేసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కారు. వాన కురుస్తున్నప్పుడు కథ తిరగబడుతుంది. వాననీరు అద్దాన్ని బయటినుంచి చల్లబరుస్తుంది. తడిసిన బట్టలు, గొడుగులు, నలుగురి ఊపిరి లోపలి గాలిని ఆవిరితో నింపుతాయి. ఇప్పుడు తడి పట్టేది లోపలివైపు. అప్పుడు ఏసీ వేయాలి, గాలిని అద్దం మీదికే కొట్టాలి. ఏసీ గాలి చల్లగా ఉండటం ఇక్కడ ముఖ్యం కాదు, పొడిగా ఉండటం ముఖ్యం. ఏసీ లోపలి చల్లని గొట్టాల మీదుగా గాలి పోయేటప్పుడు అందులోని ఆవిరి అక్కడే నీరై దిగిపోతుంది. ఎండలో ఆగిన కారు కింద చుక్కలు చుక్కలుగా కారేది ఆ నీరే. అలా ఆవిరి పోగొట్టుకుని వచ్చిన గాలి అద్దం మీది తడిని పీల్చేసుకుంటుంది. వెనక అద్దానికి ఏసీ గాలి అందదు గనక, వానరోజున ఆ వంకర బాణాల మీట సింగపూర్‌లోనూ పనికొస్తుంది. మంచు కరిగించే తీగలు అక్కడ తడి ఆరబెట్టడానికి ఉద్యోగం మార్చుకున్నాయి.

కాబట్టి మసక కనపడగానే మీటల జోలికి పోకముందు వేలితో లోపల ఒక గీత గీయాలి. గీత పడితే తడి లోపల, పొడి గాలి కావాలి. గీత పడకపోతే తడి బయట, వెచ్చదనం కావాలి. కారు కొన్నవాడికి ఇచ్చే లావుపాటి పుస్తకంలో ఈ రెండు వాక్యాలు మొదటి పేజీలో ఎందుకు వేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదే గొడవ సింగపూర్‌లో కార్లకు మాత్రమే పరిమితం కాదు. ఆ నగరం మొత్తం చల్లబరచిన గాజు మీద నిలబడింది. తాను ప్రధాని కాగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి ప్రభుత్వోద్యోగులు పనిచేసే భవనాల్లో ఏసీలు పెట్టించడమని లీ క్వాన్ యూ చెప్పుకున్నారు. ఉష్ణమండలంలో మధ్యాహ్నం పూట కూడా బుర్ర పనిచేయాలంటే అది తప్పదని ఆయన నమ్మకం. 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే గాజు మందిరాల్లో మధ్యధరా ప్రాంతపు మొక్కల్ని చల్లగా పెంచుతారు. అక్కడి ఇంజినీర్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, గాలిని చల్లబరచడానికి ముందే తేమను పీల్చే ద్రావణంతో దాన్ని ఎండగట్టడం. ఎందుకంటే ఆవిరి నీరైనప్పుడు గ్రాముకు సుమారు 2,450 జౌళ్ల వేడి విడుదలవుతుంది. గ్రాము మంచును కరిగించడానికి 334 జౌళ్లు చాలు. అంటే ఒక గ్రాము ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే గుప్తోష్ణంతో ఏడు గ్రాముల మంచు కరుగుతుంది. సింగపూర్‌లో ఏసీల కరెంటు బిల్లులో పెద్ద వాటా గాలిని చల్లబరచడానికి కాక, దానిలోని నీటిని దించడానికే పోతుంది.

ఇక మంచు పడే చోటికి వెళదాం. మనకు దగ్గరలోనే ఒకటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే రాత్రులు అక్కడ ఉంటాయి. అలాంటి తెల్లవారుజామున గడ్డి మీద, వాహనాల పైకప్పుల మీద, అద్దాల మీద తెల్లని పొర కనిపిస్తుంది. చాలామందికి అనుమానం వచ్చేది ఇక్కడే: థర్మామీటరు రెండు మూడు డిగ్రీలు చూపిస్తుంటే నీళ్లు ఎలా గడ్డకట్టాయి?

థర్మామీటరు చూపేది గాలి సంగతి. అద్దం సంగతి వేరు. ప్రతి వస్తువూ కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. ఆకాశం వైపు తిరిగి పడుకున్న కారు అద్దం రాత్రంతా పైకి వేడిని పంపుతుంది. పైనుంచి తిరిగి రావలసిన వేడి మబ్బులు లేని పొడి రాత్రుల్లో చాలా తక్కువ. ఎనిమిది నుంచి పదమూడు మైక్రాన్ల మధ్య తరంగాలకు పొడి గాలి పెద్దగా అడ్డుపడదు, అవి నేరుగా అంతరిక్షంలోకి పోతాయి. ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ కావడంతో అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా నాలుగైదు డిగ్రీలు కిందికి జారుతుంది. అప్పుడు గాలిలోని ఆవిరి దాని మీద నీరుగా దిగి గడ్డకట్టవచ్చు, లేదా నీరు కాకుండానే నేరుగా మంచు స్ఫటికాలుగా పేరుకోవచ్చు. చెట్టు కింద ఆపిన కారుకు మంచు పట్టకపోవడానికి, చలిదేశాల్లో రాత్రిపూట అద్దం మీద అట్టముక్క పరచి పెట్టడానికి కారణం ఇదే. ఆకాశాన్ని అద్దం కంట పడకుండా చేస్తే చాలు.

సింగపూర్ ఆకాశం ఇలా వేడిని దోచుకోదు. పైన ఉన్న గాలి నిండా ఆవిరి, ఆ పైన తరచూ మబ్బులు. ఈ రెండూ పైకి పోయే వేడిని పీల్చుకుని చాలావరకు తిరిగి కిందికే పంపుతాయి. అందుకే అక్కడ రాత్రికీ పగటికీ ఉష్ణోగ్రతలో ఏడెనిమిది డిగ్రీలకు మించి తేడా ఉండదు. పైగా చాలా కార్లు నిద్రపోయేది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఇళ్ల పక్కన కట్టిన బహుళ అంతస్తుల పార్కింగ్‌లో, నెత్తిన కాంక్రీటు కప్పు కింద. లంబసింగిలో అద్దం వేడిని ఆకాశం తీసుకుంటుంది, సింగపూర్‌లో ఏసీ తీసుకుంటుంది. దోచేవాడు మారాడు, దోపిడీ ఒకటే.

మంచు పేరుకున్నాక ఎలా వదిలించాలన్నది కార్లకన్నా ముందు ట్రాముల కాలం నాటి సమస్య. అమెరికాలో అలబామాకు చెందిన మేరీ యాండర్సన్ చలికాలంలో న్యూయార్క్ వెళ్లినప్పుడు, మంచు కలిసిన వానలో ట్రాము డ్రైవరు ముందు అద్దం తెరిచి, చలిగాలి మొహాన కొడుతుంటే నడపడం చూసింది. లోపలినుంచి చేత్తో తిప్పే తుడుపుకర్ర ఒకటి రూపొందించి 1903 నవంబరులో పేటెంటు పొందింది. సింగపూర్‌లో కుండపోత వానను తుడిచే ప్రతి వైపర్ పుట్టుక వెనకా అలా ఒక మంచు రోజు ఉంది.

తుడుపుకర్ర మెత్తటి మంచును తోస్తుంది. గట్టిగా అతుక్కున్నదాన్ని ఏమీ చేయలేదు. మిషిగన్‌లోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్ల కార్లలో ప్లాస్టిక్ గోకుడుకర్ర తప్పకుండా ఉంటుంది. మొదటి చలికాలంలో వాళ్లకు అందే సలహాల్లో ఒకటి, అద్దం మీద వేడినీళ్లు పోయొద్దని. వేడి తగిలిన పొర వ్యాకోచిస్తుంది, పక్కనున్న చల్లని భాగం కదలదు, ఎక్కడో ఉన్న చిన్న గీత పగులుగా సాగుతుంది. ఇంజను వేడిని అద్దం మీదికి ఊదే హీటరు ఉంది నిజమే. కానీ ఇంజను వేడెక్కేదాకా అది ఊదేది చల్లగాలే. తెల్లవారుజామున ఆఫీసుకు ఆలస్యమవుతున్నవాడికి ఆ పది నిమిషాలే కీలకం.

అద్దాన్నే నేరుగా వేడి చేస్తే? లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు అద్దం మీద అర మిల్లీమీటరు మంచు ఉందనుకుంటే, అది సుమారు 460 గ్రాములు. కరగడానికి లక్షా యాభై వేల జౌళ్లు కావాలి. అద్దం బరువు పన్నెండున్నర కిలోలు. దాన్ని మైనస్ 5 నుంచి సున్నాకు తేవడానికి ఇంకో యాభై వేల జౌళ్లు. మొత్తం రెండు లక్షల పైచిలుకు. వెయ్యి వాట్ల వేడి ఇస్తే గాలికి పోయేది వదిలేసినా మూడున్నర నిమిషాలు పడుతుంది. నిజానికి అంతసేపు అక్కర్లేదు. వేడి అద్దం లోపలినుంచి వస్తుంది కాబట్టి ముందుగా కరిగేది అద్దాన్ని అంటిపెట్టుకున్న పలుచని పొర. ఆ పొర నీరైతే పైనున్న మంచు పట్టుతప్పుతుంది, వైపర్ దాన్ని పలకలు పలకలుగా తోసేస్తుంది. బయటినుంచి వేడి ఊదితే పైపొరనుంచి మొత్తం కరగాలి. లోపలినుంచి వేడి చేయడంలోని లాభమంతా ఇందులోనే ఉంది.

వెయ్యి వాట్లు అని తేలిగ్గా అనేశాం గానీ, కారులో ఉన్నది పన్నెండు పదమూడు వోల్టుల విద్యుత్తు. అంటే సుమారు 80 ఆంపియర్లు పారాలి. దాన్ని డ్రైవరు చూపుకు అడ్డురాని దారిలో పంపాలి. వెనక అద్దంలో ఈ చిక్కు లేదు. లావుపాటి గీతలున్నా ఫర్వాలేదు, నూట యాభై, రెండు వందల వాట్లతో సరిపెట్టుకోవచ్చు. ముందు అద్దానికి ఫోర్డ్ సంస్థ 1974లో థండర్‌బర్డ్, లింకన్ కాంటినెంటల్ మార్క్ ఫోర్ కార్లలో అద్దం పొరల మధ్య పలుచని బంగారు పూతను ప్రయత్నించింది. అద్దం కాస్త పసుపుచాయ కొట్టేది, ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. అదే సంస్థ ఐరోపాలో 1985 నాటి గ్రనాడా, స్కార్పియో కార్లతో వేరే దారి పట్టింది. ముందు అద్దం నిజానికి రెండు గాజు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు ఎగరకుండా పట్టి ఉంచేది ఆ పొరే. అందులో వెంట్రుక కన్నా సన్నని తీగల్ని వందల సంఖ్యలో పరిచారు. తీగలు తిన్నగా ఉంటే రాత్రిపూట ఎదుటి దీపాలు చారలు చారలుగా కనిపిస్తాయి. అందుకని వాటిని అలల్లా వంకరగా తిప్పారు. ఈ తీగలంటే పడనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూపు ఒకసారి వాటి మీద పడితే ఇక వాటినే చూస్తుందని వాళ్ల ఫిర్యాదు. అందులో కొంత న్యాయముంది.

బంగారు పూత ఆలోచన మాత్రం చచ్చిపోలేదు. వెండికి మారి తిరిగొచ్చింది. కొన్ని నానోమీటర్ల మందాన పరిచిన వెండి పొర కనిపించే కాంతిని వదులుతుంది, పరారుణ వేడిని వెనక్కి తిప్పికొడుతుంది, దానిలో కరెంటు కూడా పారుతుంది. చలిదేశంలో దానికి రెండు కొసలా కరెంటు ఇస్తే మంచు కరుగుతుంది. సింగపూర్‌లో అలాంటి పొరే కరెంటు లేకుండా ఎండ వేడిని ఆపుతుంది. ఒకే వస్తువు రెండు వాతావరణాల్లో రెండు పేర్లతో అమ్ముడుపోవడం వ్యాపారులకు ఇష్టమే. కానీ లోహపు పొర రేడియో తరంగాలను కూడా ఆపేస్తుంది. సింగపూర్‌లో 1998లో మొదలైన పద్ధతిలో కార్లు రోడ్డు సుంకం కట్టింది ముందు అద్దం వెనక అతికించిన చిన్న పెట్టె ద్వారా. రోడ్డు మీదుగా అడ్డంగా కట్టిన గ్యాంట్రీతో అది రేడియో తరంగాల్లోనే మాట్లాడాల్సి వచ్చేది. అందుకే లోహపు పూత అద్దాల్లో ఒక చిన్న భాగాన్ని పూత లేకుండా వదులుతారు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ముందు అద్దపు వేడికి చలిదేశాల్లో విలువ పెరిగింది. వృథాగా పోయే ఇంజను వేడి వాటిలో లేదు. కారులోని గాలినంతా కాచి దానితో అద్దాన్ని కాచడం కన్నా అద్దాన్నే కాస్తే బ్యాటరీ మిగులుతుంది.

సింగపూర్‌లో ముందు అద్దం వేడి చేసే వాహనాలు అసలు లేవా అంటే, రోజుకు కొన్ని వందలు వచ్చి పోతుంటాయి. అవి దిగేది చాంగీ విమానాశ్రయంలో. ప్రయాణీకుల జెట్ విమానంలో పైలట్ల ముందున్న అద్దాలు ఎప్పుడూ విద్యుత్తుతో వేడెక్కుతూనే ఉండాలి. పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయట మైనస్ 40కీ మైనస్ 55కీ మధ్య చలి ఉంటుంది. ఇక్కడ తీగలు లేవు, గాజుకు పూసిన కంటికి కనపడని వాహక పొర ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటికే అమెరికాలో టిన్ ఆక్సైడ్ పూతతో ఇలాంటి అద్దాలు విమానాలకు తయారయ్యాయి. మంచు పట్టకుండా ఉండటం ఒక ప్రయోజనం. రెండోది చాలామందికి తోచదు: అద్దం పొరల మధ్యనున్న ప్లాస్టిక్ చలికి పెళుసుబారుతుంది, వెచ్చగా ఉంటే సాగుతుంది. గంటకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో ఒక పక్షి వచ్చి తగిలితే ఆ సాగే గుణమే పైలట్లను కాపాడుతుంది. అందుకే 30 డిగ్రీల సింగపూర్‌లో, మంచు ఊసే లేని మధ్యాహ్నం కూడా, విమానం బయలుదేరే ముందు అద్దం వేడిని వేసి ఉంచుతారు.

నిజానికి సింగపూర్ నెత్తిన మంచు ఏడాది పొడవునా ఉంటుంది. నిట్టనిలువుగా ఐదు కిలోమీటర్లు పైకి పోతే సున్నా డిగ్రీలు వస్తుంది. పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున మైనస్ 80 దాకా పడిపోతుంది. అదే ఎత్తున ధ్రువాల మీద కూడా చాలాకాలం అంత చలి ఉండదు. భూమధ్యరేఖ దగ్గర వేడిగాలి ఎంత పైకి లేస్తే అంత వ్యాకోచించి అంత చల్లబడుతుంది మరి. అక్కడి ఉరుముల మబ్బుల పైభాగమంతా మంచు స్ఫటికాలే. అవి ఐదు కిలోమీటర్ల వెచ్చని గాలిలోంచి దిగేసరికి వానచినుకులైపోతాయి. ఎప్పుడో ఒకసారి గడ్డ పెద్దదై, కరగడానికి సమయం చాలక నేలకు చేరుతుంది. 2013 జూన్ 25న సింగపూర్ పడమటి భాగంలో వడగళ్లు పడ్డాయి. తమ ఊళ్లో మంచు పడిందంటే నమ్మలేక జనం అరచేతుల్లో పెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు.

ఇక ఆ ఊళ్లో నిజంగా గీకవలసిన మంచు ఎక్కడుంటుందో చూద్దాం. ఐరోపానుంచి పదమూడు గంటలు ఎగిరి వచ్చిన విమానం రెక్కల్లో ఇంకా కొన్ని టన్నుల ఇంధనం మిగిలి ఉంటుంది. రెక్కే ట్యాంకు. ఇన్ని గంటలు మైనస్ 50 గాలిలో తిరిగిన ఆ ఇంధనం మైనస్ 20 దగ్గరికి చల్లబడి ఉండొచ్చు. జెట్ ఇంధనం మైనస్ 47 దాకా గడ్డకట్టదు కాబట్టి దానికేమీ ఇబ్బంది లేదు. దాన్ని అంటుకుని ఉన్న రెక్క తొడుగు కూడా అంతే చల్లగా ఉంటుంది. అది నేలకు దిగింది ఎక్కడ? 24 డిగ్రీల తుషార బిందువున్న గాలిలోకి. కారు అద్దానికి కావలసింది ఒకటిన్నర డిగ్రీ తేడా. ఇక్కడ నలభై డిగ్రీల పైన తేడా ఉంది. ఆవిరి రెక్క మీద నీరై దిగుతుంది, తొడుగు సున్నా కన్నా కింద ఉంటే గడ్డకడుతుంది. ఎండ కాసే ఉష్ణదేశపు విమానాశ్రయంలో, జనం చొక్కాలు తడిసిపోతున్న వేళ, రెక్క అడుగున తెల్లని మంచు పొర! మోతాదులో ఎంత తేడా ఉన్నా లెక్క అదే లెక్క. చల్లని తలం ఒకటి ఉంది, దాని పక్కన తడి గాలి ఉంది.

రెక్క మీది మంచుతో పరాచికాలు పనికిరావు. 1991 డిసెంబరు 27న స్టాక్‌హోం నుంచి బయలుదేరిన స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ ఎండీ-81 విమానంలో జరిగింది ఇందుకు సాక్ష్యం. చల్లని ఇంధనం వల్ల రాత్రి రెక్కల మీద కట్టిన పారదర్శకమైన మంచు తనిఖీలో కంటపడలేదు. విమానం లేవగానే ఆ మంచు విడిపోయి వెనకనున్న రెండు ఇంజన్లలోకీ పోయింది. ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్లు గొట్రోరా దగ్గర పొలంలో దింపారు. విమానం ముక్కలైనా అందులోని 129 మందీ బతికారు.

సింగపూర్ లాంటి చోట్ల పని కొంత తేలిక. మిగిలిన ఇంధనం తక్కువైతే అది ట్యాంకు అడుగునే ఉంటుంది, కాబట్టి మంచు ముందుగా పట్టేది రెక్క కిందివైపు. తిరుగు ప్రయాణానికి కూడా సరిపడా ఇంధనం నింపుకుని వచ్చిన విమానాల్లో అది పైతొడుగునూ తాకి ఉంటుంది. అప్పుడు పైన కూడా పట్టవచ్చు. రెక్కను పైకి లేపేది ముఖ్యంగా పైతలం మీదుగా నున్నగా జారే గాలి. అక్కడ గరుకు కాగితమంత పొర ఉన్నా ఆ ప్రవాహం చెదురుతుంది, అందుకే నిబంధనలు పైతలం విషయంలో కఠినం. బోయింగ్ 737 కొత్త తరం విమానాల రెక్కల మీద నల్ల గీతలతో ఒక ప్రాంతాన్ని గుర్తుపెట్టి, బయటి గాలి 4 డిగ్రీల పైన ఉండటం వంటి షరతులతో, చల్లని ఇంధనం వల్ల పట్టే పలుచని మంచును అంతవరకే అనుమతిస్తారు. కిందివైపు ఇంధన ట్యాంకు మేర మూడు మిల్లీమీటర్ల దాకా మంచున్నా విమానం లేవవచ్చు. బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసే పైలట్ రెక్క కింద తల పైకెత్తి ఈ పొర మందాన్ని అంచనా వేస్తాడు, మిల్లీమీటర్లలో. ఎక్కువనిపిస్తే వెచ్చని కొత్త ఇంధనం నింపిస్తారు. అది పాత ఇంధనంతో కలిసి తొడుగును లోపలినుంచి వేడి చేస్తుంది, మంచు అంటుకున్న వైపునుంచి కరగడం మొదలుపెడుతుంది.